ఖాళీ కనపడే పెట్టె: మెకానిక్ సామాను సర్దుకునే పద్ధతి

ఒక రోజు సాయంత్రం షట్టరు దించేముందు చూసుకుంటే ఒక కొస పన్నెండు, రెండో కొస పదమూడు నెంబరుండే రింగు పానా కనపడలేదు. బల్ల కింద వెతికాం, వేస్టు గుడ్డల డబ్బా తిరగేశాం, కుర్రాళ్ల జేబులు చూశాం. ఆ రోజు షెడ్డులోంచి బయటికెళ్లిన కార్లు నాలుగు. నలుగురికీ ఫోన్ చేశాను. ముగ్గురు బానెట్ ఎత్తి చూసి లేదన్నారు. నాలుగో ఆయన అప్పటికే ఏలూరు దాటాడు. పెట్రోలు బంకు దగ్గర బండి ఆపించి, ఫోన్ లైటు వేసి ఆల్టర్నేటర్ పక్కన చూడమన్నాను. పానా అక్కడే ఉంది, బెల్టుకి బెత్తెడు దూరంలో. అక్కడ పెట్టింది నేనే. ఇంకో గుంటలో బండి ఎగిరితే అది బెల్టులో పడేది. బెల్టు తెగితే ఆ కుటుంబం రాత్రిపూట హైవే మీద నిలబడిపోయేది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటికి నా టూల్ బాక్సు చిందరవందరగా ఏమీ లేదు. పానాలు ఒక అరలో, బోల్టు తల మీద టోపీలా కూర్చునే సాకెట్లు ఒక అరలో, ప్లయర్లు ఒక అరలో చక్కగానే ఉండేవి. అయినా అందులోంచి ఒక పానా పోతే మిగతా పదకొండూ దగ్గరికి జరిగి ఆ చోటు మూసేసేవి. ఆ రోజు లెక్క చూడబట్టి సరిపోయింది గానీ, చూడకపోతే రెండు మూడు రోజులకు గానీ తెలిసేది కాదు. అప్పటినుంచి పెట్టె సర్దడంలో నేను ఒకే ఒక్క సంగతికి కట్టుబడ్డాను: ఏ వస్తువు బయట ఉన్నా దాని ఖాళీ పెట్టెలో కొట్టొచ్చినట్టు కనపడాలి. కింద చెప్పేదంతా ఆ ఖాళీ కనపడేలా చేసుకోవడం గురించే. బైకులో, చిన్న కార్లో చూసే షెడ్డుని మనసులో పెట్టుకుని చెబుతున్నాను. లారీ పనివాళ్లకు సైజులు మారతాయి గానీ పద్ధతి ఇదే.

అంతా కింద పోయండి

బండ్లు తక్కువుండే పూట ఒకటి చూసుకోండి. పాత ఫ్లెక్సీ ఒకటి నేల మీద పరిచి పెట్టెలో ఉన్నదంతా దాని మీద పోయండి. బల్ల సొరుగులో ఉన్నవి, గోడకు వేలాడేవి, బండి డిక్కీలో ఉన్నవి, కిటికీ గూట్లో మరిచిపోయినవి కూడా తీసుకురండి. సగం సర్ది సగం వదిలేస్తే వారం తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది.

డీజిల్ గిన్నెలో గట్టి బ్రష్షుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెట్టుకోండి. పెట్రోలుతో కడగొద్దు. దాని ఆవిరికి ఎక్కడో ఒక నిప్పురవ్వ చాలు. టార్క్ రెంచి (బోల్టు ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించేది), మీటర్లు, మందం కొలిచే వెర్నియర్ ఆ గిన్నెలో ముంచకూడదు. వాటిని గుడ్డతో పైపైన తుడిస్తే సరి. సాకెట్లు తిప్పే రాట్చెట్ హ్యాండిల్ తల కూడా ముంచకండి, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

ఇప్పుడు ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూడండి. పానా మూతి విచ్చుకుందో లేదో తెలియాలంటే అదే సైజు కొత్త బోల్టు ఒకటి దగ్గర పెట్టుకుని దాని తల మీద తొడిగి ఊపండి. గలగలలాడితే ఆ పానా ఇక బోల్టు తలలు గుండ్రం చెయ్యడానికే పనికొస్తుంది. సుత్తి దెబ్బలకు ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే గ్రైండింగ్ రాయి మీద ఆ అంచులు చెక్కేయండి. ఆ అంచు ఊడి కంట్లో పడితే చూపే పోతుంది. సుత్తి పిడి కదులుతుంటే ఆ రోజే బిగించాలి. పగుళ్లొచ్చిన సాకెట్టు మీద జాలి పడొద్దు. పాడైన పానాలన్నీ పారెయ్యక్కర్లేదు. ఒకటి రెండు దాచుకుంటే వేడి చేసి వంచి, మామూలు పానా దూరని మూలకి ప్రత్యేకంగా తయారు చేసుకోవచ్చు. వాటికి మాత్రం వేరే డబ్బా ఉండాలి. మంచివాటితో కలిపితే తొందరలో చేతికొచ్చేది అదే.

స్టార్ స్క్రూడ్రైవర్ల దగ్గర ఇంకొంచెం ఆగండి. చాలామంది మొన చూస్తారు గానీ రకం చూడరు. జపాన్ వాళ్ల బండ్ల స్క్రూలు మామూలు ఫిలిప్స్ కాదు, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. తల మీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్ అని గుర్తు. దానిలో ఫిలిప్స్ మొన పూర్తిగా దిగదు. బలం పెడితే పైకి తన్నుకొచ్చి గాడి తినేస్తుంది. హీరో హోండా రోజుల నుంచి కార్బొరేటర్ గిన్నె స్క్రూలు అరిగిపోయి మన షెడ్లకి వచ్చాయంటే దానికి సగం కారణం ఇదే. రెండో నెంబరు జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొని, దాని పిడికి ఎర్ర టేపు చుట్టి వేరుగా గుర్తుపెట్టుకోండి.

చేతికి దగ్గరుండాల్సినవి ఏవి

కడిగినవాటిని మూడు కుప్పలు చెయ్యండి. రోజూ వాడేవి, వారానికోసారి వాడేవి, ఎప్పుడో ఒకసారి తీసేవి. ఇక్కడ గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకోవాలి. చాలామంది ఖరీదు పెట్టి కొన్నదాన్ని రోజూ వాడే కుప్పలో వేస్తారు. ఖరీదుతో పనిలేదు, గత వారంలో ఎన్నిసార్లు పట్టుకున్నారన్నదే లెక్క.

పానాల సెట్టు కొంటే 6-7 నుంచి 30-32 మిల్లీమీటర్ల దాకా పన్నెండు వస్తాయి. పన్నెండూ ఒకే అరలో ఉండాలని ఎక్కడా లేదు. బైకు పనికి రోజంతా తిరిగేవి 8, 10, 12, 14, 17, 19. ఎందుకంటే మన రోడ్ల మీద బైకుల్లో ఎక్కువ భాగం జపాన్ పద్ధతిలో పుట్టినవే. వాళ్లు 6 మిల్లీమీటర్ల మర బోల్టుకి పది నెంబరు తల పెడతారు, 8 మర బోల్టుకి పన్నెండు, 10 మర బోల్టుకి పద్నాలుగు. అదే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి యూరప్ కార్లు వస్తే 8 మర బోల్టుకి పదమూడు పడుతుంది, ఆ పైన 16, 18 కావాలి, వీటితోపాటు ఆరు మూలల నక్షత్రం గాడి ఉండే టార్క్స్ మొనలు కావాలి. పాత బుల్లెట్లు చూసేవాళ్లకి అంగుళాల పానాలు తప్పవు. మీ షెడ్డుకి వచ్చే బండ్లు ఏవో చూసుకుని పై అర నింపండి. పక్క షెడ్డు పెట్టె చూసి నింపొద్దు.

ప్లగ్గు పానాల సంగతీ అంతే. ప్లగ్గు మర 10 మిల్లీమీటర్లయితే పానా 16, 12 అయితే 18, 14 అయితే 21 దాకా వెళ్తుంది. మొదటి రెండూ బైకు మెకానిక్కి రోజూ కావాలి, మూడోది కింది అరలో ఉన్నా ఫర్వాలేదు.

పది నెంబరు గురించి ఒక మాట. అన్నిటికంటే ఎక్కువ తిరిగేది అదే కాబట్టి ఎక్కువ పోయేదీ అదే. పది నెంబరు సాకెట్టు, టీ పానా రెండేసి కొని, రెండో జతని తాళం వేసిన సొరుగులో ఉంచండి. మొదటిది పోయినప్పుడు ఆ రోజు పని ఆగదు. కానీ మొదటిదాని ఖాళీని రెండోదానితో నింపొద్దు. ఆ ఖాళీ అలాగే కనపడుతుంటేనే వెతుకుతారు.

సాకెట్లు ఎందుకు మేలంటే చోటు కలిసొస్తుంది. 1920లో అమెరికాలో మిల్వాకీ ఊళ్లో స్నాప్-ఆన్ కంపెనీ మొదలైందే ఈ లెక్క మీద: ఐదు హ్యాండిళ్లు, పది సాకెట్లు ఉంటే యాభై పానాల పని జరుగుతుందని. బైకు పనికి 3/8 అంగుళం డ్రైవు (సాకెట్టు తగిలించే చదరపు మొన కొలత) సెట్టు, కారుకి అర అంగుళం డ్రైవు సెట్టు ఉంటే చాలా పని గడుస్తుంది. గాలి ఒత్తిడితో బోల్టులు తిప్పే గన్నుకి మాత్రం నల్లగా ఉండే ఇంపాక్టు సాకెట్లే వాడాలి. మెరిసే క్రోమ్ సాకెట్టు చేత్తో తిప్పడానికి చేసింది, గన్ను దెబ్బలకి పగిలి ముక్కలు ఎగురుతాయి. అందుకే ఈ రెండు రకాలూ ఒకే అరలో పెట్టకండి.

ఎలాంటి పెట్టె

ఇళ్లకు వెళ్లి బైకులు బాగుచేసేవాళ్లకి ఐదు అరల మడత పెట్టె సరిపోతుంది. రెండువైపులా మెట్లుగా విచ్చుకునే రేకు పెట్టె అది. దాంతో చిక్కేమిటంటే అడుగు అర లోతుగా ఉంటుంది, సామాను ఒకదాని మీద ఒకటి పడుతుంది. అడుగున సుత్తి, ఉలి, పంపు లాంటి పెద్దవే పెట్టి, చిన్నవన్నీ పై నాలుగు అరల్లోనే ఉంచండి. నిండా నింపి ఒంటిచేత్తో ఎత్తితే నడుం పట్టేస్తుంది. మోయగలిగినంతే పెట్టండి.

షెడ్డు ఉన్నవాళ్లకి ఆరేడు సొరుగుల చక్రాల బండి మేలు. కొనేటప్పుడు రంగు, మెరుపు పక్కన పెట్టి మూడు చూడండి. సొరుగు పూర్తిగా బయటికొస్తుందా, వెనక చివర బెత్తెడు లోపలే ఉండిపోతుందా? ఒక సొరుగు తెరిచుండగా రెండోది తెరుచుకోకుండా లాకు ఉందా? ఈ లాకు లేని బండిలో బరువైన సొరుగులు రెండు మూడు ఒకేసారి లాగితే మొత్తం మీద పడుతుంది. మూడోది చక్రాలు. మన షెడ్ల నేల గచ్చు పగిలి, గుంటలు పడి ఉంటుంది. రెండంగుళాల చక్రం ఒక నట్టు అడ్డం పడినా ఆగిపోతుంది. ఐదంగుళాల చక్రం, అందులో రెంటికి బ్రేకు ఉన్నది తీసుకోండి.

విజయవాడ ఆటోనగర్‌లో గానీ, గాజువాక ఆటోనగర్‌లో గానీ ఉన్నవాళ్లకి ఇంకో దారుంది. పక్కనే ఫ్యాబ్రికేషన్ షెడ్లుంటాయి, కొలతలిచ్చి చేయించుకోవచ్చు. నా పెట్టె అలా చేయించిందే. చుట్టూ ఇనప యాంగిల్ చట్రం, సొరుగులకి 20 గేజి రేకు, పై బల్లకి 18 గేజి. సొరుగులు నడవడానికి వంటింటి కబోర్డులకి వాడే టెలిస్కోపిక్ ఛానళ్లు వేయించాను. జతకి 45 కిలోలు మోసే రకం అడగండి. తేలికరకం వేస్తే ఆరు నెలల్లో సొరుగు ఒరిగిపోతుంది. పై సొరుగులు మూడు రెండంగుళాల లోతే చేయించండి. చేసేవాళ్లు ఇంకొంచెం లోతు పెడితే పోయేదేముందంటారు. పోయేది ఖాళీయే. లోతున్న సొరుగులో సామాను రెండు వరసలుగా చేరుతుంది, కింది వరసలో ఏం పోయిందో కనపడదు. ఎక్కడైనా ఒకే వరస, ఇదొక్కటి గట్టిగా పట్టుకోండి.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో తయారుగా ఉన్న బండ్లు రకరకాలు దొరుకుతాయి. వెళ్లేటప్పుడు మీ పొడవాటి టీ పానా, టార్క్ రెంచి కొలిచి రాసుకెళ్లండి. సొరుగు వెడల్పు వాటికి చాలకపోతే అవి ఎప్పటికీ బల్ల మీదే పడుంటాయి.

రకాన్ని బట్టి కాదు, పనిని బట్టి

దుకాణంవాడు రకాన్ని బట్టి సర్దుకుంటాడు, అమ్మడానికి అది సుఖం. మనం పనిచేసేవాళ్లం. బైకు జనరల్ సర్వీసు చేస్తున్నప్పుడు మీ చెయ్యి ఏ వరసలో ఏం అడుగుతుందో ఒక రోజు గమనించండి. నేను కుర్రాడిని పక్కన కూర్చోబెట్టి కాయితం మీద రాయించాను. ప్లగ్గు పానా, పది టీ పానా, స్టార్ స్క్రూడ్రైవర్, ఆయిల్ డ్రెయిన్‌కి పదిహేడు, ట్యాపెట్ మూతలకి పానా, సన్నటి సందు కొలిచే ఫీలర్ గేజి, చెయిన్ బిగించడానికి వెనక చక్రం పానా. ఈ వరస తెలిశాక వాటన్నిటినీ ఒకే సొరుగులో పెట్టాను. దాని పేరు సర్వీసు సొరుగు. రోజులో ఎక్కువ పని ఆ ఒక్క సొరుగుతోనే జరిగిపోతుంది. అంతకుముందు ఒక్క సర్వీసుకి నాలుగు సొరుగులు లాగేవాణ్ని.

రెండో సొరుగు బ్రేకులది. స్ప్రింగు ప్లయరు, ఎలెన్ కీలు, బ్రేకు ఆయిల్లో గాలి తీసే బ్లీడింగ్ గొట్టం. మూడోది కరెంటుది: మల్టీమీటరు, టెస్టు ల్యాంపు, క్రింపింగ్ ప్లయరు, టేపు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో చాలావాటికి కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. కరెంటు సొరుగు తెరవకుండా వాటి జబ్బు తెలియదు. కాబట్టి ఆ సొరుగుని పైకి తెచ్చుకోండి. బండి కంప్యూటరులో లోపాలు చదివే స్కానర్ కూడా అందులోనే, దాని డబ్బాతో సహా.

మాగ్నెట్ పుల్లరు, క్లచ్ పానా, బేరింగ్ పుల్లరు లాంటివి ఇంజన్ పనికే వస్తాయి, వాటిని కిందకి పంపండి. అన్నిటికంటే అడుగున సుత్తులు, ఉలులు, పైపు రెంచి. బరువు కిందుంటే బండి ఒరగదు. ఎక్కువ వాడే సొరుగు మీ నడుముకీ ఛాతీకీ మధ్య రావాలి. వంగి లేచి వంగి లేచి సాయంత్రానికి పోయే ఓపిక తక్కువేమీ కాదు.

సొరుగు లోపల సైజులు ఎడమ నుంచి కుడికి పెరగాలి, నెంబరు పైకి కనపడాలి. జంట సైజు పానాలకి అన్నిటికీ చిన్న నెంబరు ఒకే వైపు ఉండేలా పడుకోబెట్టండి. పన్నెండు కోసం వెతికే కన్ను ఒకే గీత మీద నడవాలి.

అచ్చు కోయడం

సొరుగులో పరిచే ఫోమ్ షీటులో ప్రతి వస్తువుకీ దాని ఆకారంలోనే ఒక గుంట కోయాలి. ఈ పని మీద రెండు రోజులు పోయినా ఫర్వాలేదు, తొందరపడకండి.

మొదట కాయితంతో చెయ్యండి. సొరుగు కొలతకి పాత వార్తాపత్రిక పరిచి, సామాను అమర్చి, చుట్టూ మార్కరుతో గీత గీసి రెండు వారాలు అలాగే వాడండి. ఈ రెండు వారాల్లో కనీసం మూడు నాలుగు చోట్లు మారతాయి. ప్లగ్గు పానా కుడివైపుంటే బాగుండు అనిపిస్తుంది, ఫీలర్ గేజి ఇంకో సొరుగులోకి పోతుంది. కాయితం చించి ఇంకోటి వేసుకోవచ్చు. మొదటిరోజే ఫోమ్ కోసేసినవాళ్లు తర్వాత ఆ గుంటల్లోనే తప్పుగా పెట్టడం అలవాటు చేసుకుంటారు.

చోట్లు కుదురుకున్నాక ఫోమ్ షీటు తెచ్చుకోండి. చెప్పుల అట్టలకి వాడే ఈవీఏ షీటు దీనికి చక్కగా సరిపోతుంది, చెప్పుల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పరుపుల స్పాంజి మాత్రం వాడొద్దు. అది నూనె పీలుస్తుంది, నీళ్లు పీలుస్తుంది, ఆ తడి పట్టుకుని సామానుకి తుప్పు పట్టిస్తుంది. ఈవీఏలో గాలి బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి కాబట్టి నూనె పడినా గుడ్డతో తుడిస్తే పోతుంది.

రెండు రంగులు తీసుకోండి. అడుగున పలచటి ఎర్రదో పసుపుదో, పైన మందంగా నల్లది. పై షీటు మీద కాయితం పరిచి, గీతల వెంబడి కొత్త కట్టరు బ్లేడుతో కోయండి. బ్లేడు నిలువుగా ఉండాలి, ఒకేసారి లోపలిదాకా దించకుండా రెండు మూడు సార్లు అదే గీత మీద నడపండి. మొండి బ్లేడుతో కోస్తే అంచులు చిరుగుతాయి కాబట్టి ఎప్పటికప్పుడు మొన విరిచి కొత్త మొన తీసుకోండి. కోసిన ముక్క ఊడదీసి, రెండు షీట్లనీ రబ్బరు సొల్యూషన్‌తో అతికించండి. రెండువైపులా రాసి, చేతికి అంటుకోనంతగా ఆరాక అంటిస్తే గట్టిగా పడుతుంది. అతికించేటప్పుడు షట్టరు తెరిచే ఉంచండి, ఆ వాసన తలకెక్కుతుంది.

ప్రతి గుంటకీ పక్కన వేలు దూరేంత అర్ధచంద్రం కోయడం మరిచిపోకండి. అది లేకపోతే పానా గుంటలో బిగుసుకుని బయటికి రాదు. నూనె చేత్తో గోళ్లతో పీకాల్సొస్తుంది, రెండో రోజుకే విసుగొచ్చి బల్ల మీద పడేస్తారు. గుంట లోతు పానా మందంలో సగం ఉంటే చాలు.

పని పూర్తయ్యాక పానా తీసి చూడండి. నల్లటి షీటులో ఆ పానా ఆకారంలోనే ఎర్రగా మెరుస్తుంది. షెడ్డు అవతలి మూల నుంచి కూడా కనపడుతుంది.

షీటు కొనే వీల్లేనివాళ్లు గోడకి ప్లైవుడ్ చెక్క కొట్టి, మేకుల మీద సామాను వేలాడదీసి, చుట్టూ పెయింటుతో గీత గీయండి. పని అదే చేస్తుంది. దుమ్ము ఎక్కువ పడుతుంది, తాళం వేసుకోలేం, ఆ రెండే లోట్లు.

గుర్తులు, అప్పులు

నల్ల ఇంపాక్టు సాకెట్ల మీద నెంబరు చెక్కి ఉంటుంది గానీ కనపడదు. నెంబరు మీద తెల్ల పెయింటు కొంచెం రాసి, అర నిమిషం ఆగి గుడ్డతో తుడవండి. పైది పోయి, గాడిలోది నిలుస్తుంది. చీకట్లో కూడా చదవొచ్చు.

అమెరికాలో షోరూముల్లో చేసే మెకానిక్కులు ఎవరి సామాను వాళ్లే కొనుక్కుంటారు, ఉద్యోగం మారితే పెట్టె వాళ్లతోపాటే వెళ్తుంది. మన దగ్గర ఎక్కువగా సామాను షెడ్డు మేస్త్రీది, వాడేవాళ్లు నలుగురు. అందుకే ఎవరి చేతిలో ఏముందో తెలియాలి. నేను పెద్ద వాషర్లు తీసుకుని ఒక్కొక్కరి పేరు పొడి అక్షరాలు పంచ్‌తో కొట్టించాను, మనిషికి ఐదు. ఎవరు పానా తీసినా ఆ గుంటలో తన వాషరు పెట్టాలి. నాకూ ఐదే, నేనూ పెట్టాలి. మేస్త్రీ పెట్టకపోతే కుర్రాళ్లు పెట్టరు. ఐదు వాషర్లూ అయిపోయాయంటే ముందు తీసినవి తెచ్చి పెట్టి, తర్వాత ఆరోది తీసుకోవాలన్నమాట.

పక్క షెడ్డువాళ్లు అడిగితే ఇస్తాం, మనకీ అవసరం పడుతుంది. కానీ బయటికి వెళ్లే వస్తువు గుంటలో చీటీ రాసి పెట్టండి: ఎవరికి, ఏ తేదీన. అన్నా పానా తెచ్చావా అని అడగడానికి మొహమాటపడేవాళ్లకి ఆ చీటీ ధైర్యమిస్తుంది.

బానెట్ మూసేముందు

విమానాలు బాగుచేసే చోట ఒక్క స్క్రూడ్రైవర్ లెక్క తేలకపోయినా అది దొరికేదాకా విమానాన్ని ఎగరనివ్వరు. మన బండి ఆకాశంలో ఎగరకపోవచ్చు, దానిలో కూర్చునేది మాత్రం మనుషులే. అందుకే రోజుకి ఒకసారి లెక్క చాలదు. ప్రతి బండికీ బానెట్ మూసేముందు, బైకయితే ట్యాంకు బిగించేముందు, ఇంజన్ స్టార్టు చెయ్యకముందే సొరుగు వైపు తిరిగి చూడండి. ఎర్రగా ఏమీ కనపడకపోతే మూయండి. ఏదైనా కనపడితే అది ఎవరి చేతిలో ఉందో పిలిచి అడగండి. గుంటలు కోసిన పెట్టెలో దీనికి పది సెకన్లు పడుతుంది.

ఊడదీసిన నట్లూ బోల్టులూ అయస్కాంతం పళ్లెంలో వేయండి. ఒక పనికి ఒక పళ్లెం. బోల్టు మిగిలిపోయిందంటే ఆ పని పూర్తికానట్టే.

సాయంత్రం ఐదు నిమిషాలు కొత్తగా చేరిన కుర్రాడికి అప్పగించండి. సామాను తుడిచి, పేరు, నెంబరు పైకి చదువుతూ గుంటలో పెట్టమనండి. నెల తిరిగేసరికి "పద్నాలుగు రింగు ఇవ్వరా" అంటే చూడకుండా అందిస్తాడు. విడిగా నేర్పించాల్సిన పని ఉండదు.

తుప్పు

విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో ఉప్పుగాలికి రాత్రికి రాత్రే క్రోమ్ మీద చుక్కలు తేలతాయి. వానాకాలం మిగతా ఊళ్లకీ అదే పరిస్థితి. తుడిచిన సామాను మీద కొత్త ఇంజన్ ఆయిల్ పలచగా రాసిన గుడ్డ ఒకసారి పోనివ్వండి. వాడేసిన నల్ల ఆయిల్ వద్దు, అందులో ఆమ్లాలూ మురికీ ఉంటాయి. స్క్రూడ్రైవర్ పిడులకీ పానా పట్టుకునే చోటికీ ఆయిల్ తగలనివ్వకండి, జారుతుంది. మందుల సీసాల్లో, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి సొరుగుల్లో వేయండి.

తడిగుడ్డ పెట్టెలో పెట్టకూడదని అందరికీ తెలుసు. ఎక్కువమందికి తట్టనిది బ్యాటరీ సంగతి. ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలోంచి ఆసిడ్ తుంపర సన్నగా లేస్తుంది. ఛార్జర్ పక్కనే ఉన్న పెట్టె ఎంత తుడిచినా తుప్పు పడుతుంటే కారణం అదే. రెంటికీ మధ్య షెడ్డులో ఎంత దూరం వీలైతే అంత దూరం ఉంచండి, వీలుంటే ఛార్జర్ని గాలి ఆడే వరండాలోకి మార్చండి.

వేటితోనూ కలవకూడనివి

టార్క్ రెంచి దాని డబ్బాలోనే ఉండాలి. పని అయ్యాక స్కేలు మీద అన్నిటికంటే చిన్న అంకెకి తిప్పి పెట్టండి, లోపలి స్ప్రింగు నొక్కుకుని ఉండిపోకుండా. అంతకంటే కిందకి వదులు చెయ్యొద్దు. దాంతో బోల్టులు విప్పొద్దు, సుత్తిలా కొట్టొద్దు. కింద పడితే మళ్లీ తూకం చూపించేదాకా నమ్మకండి. ఏడాదికోసారి గానీ, 5000 సార్లు బిగించాక గానీ, ఏది ముందొస్తే అప్పుడు కాలిబ్రేషన్ (తూకం సరిచూడటం) చేయించాలి. డబ్బా మూత మీద చివరిసారి చేయించిన తేదీ రాసి అంటించండి. ఫీలర్ గేజి, వెర్నియర్, మైక్రోమీటర్ కూడా మెత్తటి గుడ్డ వేసిన వేరే పై సొరుగులో ఉండాలి. సుత్తి పక్కన పడున్న మైక్రోమీటర్ చెప్పే కొలతతో పిస్టన్ నిర్ణయించకూడదు.

కరెంటు బండ్లు చూసేవాళ్లకి ఇంకో సొరుగు తప్పనిసరి. కార్లలో 300 వోల్టులు దాటిన బ్యాటరీలున్నాయి. నారింజ రంగు కేబుల్ కనపడితే ఆ బండికి తగిన శిక్షణ లేకుండా చెయ్యి పెట్టొద్దు. శిక్షణ ఉన్నవాళ్లు కూడా 1000 వోల్టుల గుర్తు, జంట త్రికోణాల గుర్తు ఉన్న పానాలే వాడాలి. మామూలు పానాకి టేపు చుడితే అది ఇన్సులేటెడ్ పానా అయిపోదు. ఆ సామాను ఇనుప సామానుతో కలిసి ఒరుసుకుంటే పై పూత గీరుకుపోతుంది, గీత పడినదాన్ని ఇక వాడకూడదు. అందుకే దాని సొరుగు వేరు, తాళం వేరు. రబ్బరు తొడుగులు మడతపెట్టకుండా పొడవుగా పెట్టి, తొడుక్కునే ప్రతిసారీ గాలి నింపి ఎక్కడైనా కారుతుందేమో చూడండి. స్కూటర్ బ్యాటరీ వోల్టేజి తక్కువే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. రెండు టెర్మినళ్లకీ ఒక్క పానా తగిలితే చాలు, ఇనుమే కరుగుతుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసి జేబులో వేసుకోండి.

దసరాకి ఆయుధపూజ చేస్తాం కదా, నేను ఏడాది లెక్క ఆ ముందురోజు పెట్టుకుంటాను. సొరుగులన్నీ ఖాళీ చేసి, అరిగినవి తీసి, ఫోమ్ చిరిగినచోట అతికించి, కొత్త బండ్లతోపాటు ఏ సైజులు పెరిగాయో చూసి గుంటలు మారుస్తాను. పూజలో పసుపు, కుంకుమ పానాల మీద తడిగా పెడతాం. కొలత సామానుకి మాత్రం వాటి డబ్బా మూత మీదే పెట్టండి. మర్నాడు పొద్దున్నే పొడిగుడ్డతో తుడిచి, నూనె గుడ్డ పోనిచ్చి, గుంటలు ఒకసారి చూసుకుని మొదటి బండి లోపలికి తీసుకోండి.